పావురాల ఇంటికి కొత్త ఊపిరి

మీరు పుణ్యమనుకుని రోజూ చేస్తున్న పని మీ ఇంట్లోనే ఒక మనిషి ఊపిరి తీస్తోందని రేపు ఎవరైనా చెబితే, ఆ పని మానేస్తారా, లేక చెప్పినవాడి నోరు మూయిస్తారా?

తొందరపడి జవాబు చెప్పకండి. ఇది చదివేవారిలో చాలామంది ఇప్పుడిప్పుడే నర్సింగూ ఫిజియోథెరపీ చదువులు ముగించి వార్డుల్లో అడుగుపెడుతున్న పిల్లలు. మీకు హేతువు మీద గురి ఉంది, సంతోషం. నాకూ ఉండేది, ఇప్పటికీ ఉంది. బాగ్ లింగంపల్లిలో సాయంత్రం సభలకు వెళ్లి, దేవుడి మీదా కర్మ మీదా జన్మల మీదా వాదించి, గొంతు బొంగురుపోయాక నారాయణగూడ దాకా నడుచుకుంటూ వచ్చిన తరం మాది. వాదనలో ఎదుటివాడు మాట్లాడటం ఆపేస్తే గెలిచినట్టేనని లెక్క. ఆ లెక్క తప్పని నాకు తెలిసేసరికి ఉద్యోగ విరమణ దగ్గరపడింది. తెలియజేసినవి పావురాలు.

అది రెండు వేల పదమూడు. ఊపిరితిత్తుల మార్పిడి మా ఊళ్లో అప్పుడప్పుడే కళ్లు తెరుస్తున్న పని. మా ఆసుపత్రిలో ఆపరేషన్ అయిన మనుషులకు శ్వాస తీయడం, దగ్గడం, మంచం దిగి నడవడం నేర్పే ఫిజియోథెరపిస్టుని నేను. వినడానికి చిన్న పనిలా ఉంటుంది. పుట్టగానే ఎవరూ నేర్పకుండా వచ్చిన విద్యను నలభై దాటిన మనిషికి మళ్లీ మొదటి నుంచి నేర్పడం అంత చిన్న పని కాదు.

ఆమె అశోక్‌నగర్‌లో సర్కారు కొలువుల పరీక్షలకు కూర్చునే పిల్లలకు అంకగణితం చెప్పే టీచరు. ఇల్లు చిక్కడపల్లి. భర్త రైల్వేలో గుమాస్తా. ఇంట్లో ఇంకా ఉన్నది మామగారొక్కరే, నారాయణగూడలో కిరాణా దుకాణం నడిపి మానేసిన పెద్దమనిషి. ఆమె ఊపిరితిత్తులు కొన్నేళ్లుగా గట్టిపడుతూ వచ్చి, చివరికి ఎండిన బీరపీచులా తయారయ్యాయి. కారణం తెలియదని డాక్టర్లు తేల్చారు. "ఒక తొట్టిని రెండు పంపులు" అని మొదలుపెట్టి, తొట్టి నిండేలోపు తనకు ఊపిరి అయిపోయేదని, మిగతా లెక్క పిల్లలే చదువుకునేవారని ఆమె నాతో చెప్పి నవ్వింది. ఆ నవ్వు కూడా సగంలోనే తెగింది.

ఎవరివో మాకు తెలియని ఊపిరితిత్తులు ఒక రోజు వచ్చాయి. ఎవరో తల్లి, ఎవరో భర్త, ఎక్కడో ఒక గదిలో ఏడుస్తూనే సరేనన్నారు. మరునాడు పొద్దున నేను ఐసీయూలోకి వెళ్లేసరికి తెరల వెనక నుంచి పాలలాంటి వెలుతురు పడుతోంది. యంత్రం ఊపిరి పోస్తోంది, ఆమె ఛాతీ లేస్తోంది, పడుతోంది. నేను జన్మలను నమ్మను. కానీ నిన్నటిదాకా ఇంకొక ఒంట్లో గాలి పీల్చిన ఆ రెండు ఊపిరితిత్తులు, కొత్త ఊరికి వచ్చి తెలియని ఇంట్లో మొదటిసారి నిద్రలేచిన పిల్లల్లా, ఎక్కడున్నామో అర్థంకాక మెల్లగా కదులుతున్నట్టు అనిపించింది. చాలాసేపు నిలబడిపోయాను. బయట నగరమంతా ఆ లయలోనే పీలుస్తూ వదులుతూ ఉన్నట్టు తోచింది.

"ఏంది సార్, దండం పెడుతున్నరా?" అంది వెనక నుంచి సిస్టర్.

మా మార్పిడి విభాగం హెడ్ నర్సు ఆమె. కేరళ మనిషి. తెలుగును వార్డులోని ఆయాల దగ్గర నేర్చుకుంది కాబట్టి ఆమె తెలుగు మా డాక్టర్లందరి తెలుగు కంటే ఘాటుగా ఉండేది. మెడలో జపమాల, చేతిలో ఎప్పుడూ సబ్బు వాసన. మా ఇద్దరికీ రోజూ యుద్ధమే.

"దండం కాదు, చూస్తున్నాను. నీలా నేను పైకి చూడను, పేషెంటును చూస్తాను" అన్నాను.

"నా దేవుడు నన్ను చేతులు కడుక్కోమన్నడు సార్. మీకు దేవుడు లేడు గదా, మీరు ఎవరు చెప్తె కడుక్కుంటరు? పోయి కడుక్కోండ్రి ముందు."

కడుక్కున్నాను.

కొత్త ఊపిరితిత్తులకు మొదటి రెండు మూడు రోజులు పెద్ద గండం. పరాయి రక్తం తగలగానే వాచిపోయి నీరు పట్టవచ్చు. అందుకని ఒంట్లోకి వెళ్లే ప్రతి చుక్కకూ కాపలా, యంత్రం ఇచ్చే ప్రతి ఊపిరికీ కళ్లెం. అది దాటితే ఇంకొక గండం: సొంత ఒళ్లు వాటిని పరాయివని గుర్తుపట్టి తరమకుండా మందులతో దాని కోపాన్ని అణచాలి. అణిస్తే కాపలా పోతుంది, గాలిలో తేలే బూజు కూడా శత్రువే అవుతుంది. ఇందులో నా వంతు ఒక విచిత్రమైన పని. ఆపరేషన్లో నరాలు తెగుతాయి. కిందెక్కడో కఫం పేరుకున్నా ఆ కబురు మెదడుకు అందదు. దగ్గు రాదు.

"దగ్గండి" అన్నాను, ఆమె కూర్చోగలిగిన రోజు.

"దగ్గు వస్తలేదు సార్. ఎన్నేండ్లకు దగ్గు వస్తలేదు. పోయినదాన్ని ఎందుకు పిలుస్తరు?"

"ఇకనుంచి అది తనంతట తాను రాదమ్మా. మీరే పిలవాలి, రోజూ, వేళ ప్రకారం."

ఆమె దిండును దగ్గరికి లాక్కుంది. "అంటె ఇన్నేండ్లు అది నన్ను సతాయించింది, ఇప్పుడు నేను దాన్ని సతాయించాలె. న్యాయంగనే ఉన్నది."

దిండును ఛాతీకి హత్తుకుని, కుట్లు నొప్పిపెడుతుంటే కళ్లు మూసుకుని, రాని దగ్గును ఆమె పిలిచి తెచ్చుకునేది. ఊది చూసుకునే చిన్న మీటరు ఒకటి ఇచ్చాం. ప్రతి పొద్దునా దానిలోకి ఊదాలి. ఊపిరి ఏమాత్రం తగ్గినా మాకు కబురు చేయాలి. లెక్కల మనిషి కదా, ఆ మీటరు ఆమెకు పిల్లి పిల్లలా చేతికి అలవాటైంది.

ఇంటికి పంపేముందు ఇల్లు చూసి రావడం మా పద్ధతి. సిస్టరూ నేనూ ఆటోలో చిక్కడపల్లి వెళ్లాం. పేషెంటుకు వార్డులో ఎన్ని జాగ్రత్తలు చెప్పినా, ఆమె తిరిగి వెళ్లి పీల్చేది ఆ ఇంటి గాలినే. నేను ఆ రోజు అస్త్రాలన్నీ సిద్ధం చేసుకుని వెళ్లాను. సాంబ్రాణి మీద ఒక ప్రసంగం, హోమం మీద ఇంకొకటి. పెద్దాయన తెల్ల ధోతిలో గుమ్మంలోనే ఎదురొచ్చారు.

"అగరొత్తులు ముట్టించకూడదు" అన్నాను.

"బంద్ సార్."

"సాంబ్రాణి?"

"అదీ బంద్."

"మట్టికుండీలు, పూలమొక్కలు ఇంట్లో ఉండకూడదు."

"మా తమ్ముని ఇంటికి పంపిచ్చిన."

"కోడలు క్షేమంగా వచ్చిందని హోమం, గీమం..."

"అయ్యగారు అడిగిండు. నా బిడ్డ ఊపిరి కంటె నీ పొగ ఎక్కువనా అన్న. మల్ల రాలే."

నా ప్రసంగాలు పెట్టుకోవడానికి చోటు దొరకలేదు. సిస్టర్ నా మొహం చూసి నవ్వు ఆపుకుంటోంది. పెళ్లైనప్పటి నుంచీ ఆమె పడుకున్న గదిలోకి వెళ్లాం. గోడ పొడిగా ఉంది, మంచం శుభ్రంగా ఉంది. అప్పుడు నేను వెనక కిటికీ తెరిచాను.

ఆ కిటికీ అవతల, రెండిళ్ల మధ్య గాలి కోసం వదిలిన ఇరుకు సందు. లోపల చల్లని బూడిదరంగు వెలుతురు. అందులో ఎన్ని పావురాలో. గోడ అంచుల మీద, పైపుల మీద, కిటికీల నెత్తి మీద. మెడల మీద ఊదా, పచ్చ మెరుపులు. గొంతులోపలే మాట్లాడుకుంటున్నట్టు ఆ గుర్రుగుర్రు శబ్దం సందంతా నిండి, నీళ్ల అడుగు నుంచి వినిపిస్తున్నట్టుంది. ఒకటి రెక్క విదిలించింది. సన్నని తెల్లటి పొడి గాలిలోకి లేచి, వెలుతురులో మెల్లగా తిరుగుతూ, కిటికీలోంచి దిండు మీదికి దిగింది. అంత అందమైన దృశ్యం మీద నేను కిటికీ రెక్కలు మూసేశాను.

"ఇవి ఎన్నాళ్లుగా ఉన్నాయి?" అన్నాను.

"మా ఇంటామె ఉన్నప్పటిసంది సార్. పొద్దుగాల్నే డాబా మీద జొన్నలు చల్లేది. పోయేముందు నా చెయ్యి పట్టుకొని, పావురాలను ఉపాసం పెట్టకు అన్నది. గప్పటిసంది ఒక్క పొద్దు తప్పలే. అది ఒక్కటి అడగకుండ్రి సార్. మిగిలినవన్ని మీరెట్ల చెప్తె గట్ల."

దుకాణం మూసినా జొన్నల బస్తా మాత్రం ఆపలేదట. ఆ గల్లీలో ఇంకా నాలుగైదు ఇళ్లవాళ్లు ఆయన్ని చూసి మొదలుపెట్టారట.

నాకు ప్రత్యర్థి దొరికాడు. ఇక ఆగలేదు. పావురాల రెట్ట ఎండి పొడిగా మారి ఏళ్ల తరబడి ఊపిరిలోకి వెళితే ఊపిరితిత్తులు గట్టిపడతాయని చెప్పాను. డాక్టర్లకు తెలియని కారణం ఈ సందులో కూర్చుని ఉందన్నాను. అందులో పెరిగే బూజు, మందులతో కాపలా తీసేసిన ఒంట్లోకి వెళితే కొత్త ఊపిరితిత్తులు కూడా దక్కవన్నాను. "పుణ్యం పేరు చెప్పి ఈ కిటికీలోంచి రోజూ మీరు విషం పంపారు. మీ కోడలు దాన్ని పీల్చింది. ఆ పుణ్యం ఎవరికి వచ్చింది?" అని ముగించాను. సభలో అయితే చప్పట్లు పడేవి.

పెద్దాయన మాట్లాడలేదు. మంచం పట్టె పట్టుకుని నిలబడ్డారు.

తిరుగు ఆటో నారాయణగూడ చౌరస్తా దాటింది. అప్పుడు సిస్టర్ అంది: "సార్, ఏం చెయ్యొద్దో చెప్పిన్రు. ఏం చెయ్యాలో ఆయనకు చెప్పిన్రా?"

"నువ్వు చెప్పావుగా. మనుషుల్ని పంపిస్తాం, నీళ్లతో తడిపి తీసి, మందునీళ్లతో కడిగిస్తాం, పావురాలు దూరకుండా జాలీ కొట్టిస్తాం, అంతదాకా ఎవరూ ముట్టుకోవద్దని."

"నేను చెప్పేటాళ్లకు ఆయన చెవులల్ల మీ మాటనే మోగుతున్నది సార్. నా మాట ఎక్కడ పోతది లోపలికి?"

తరువాతి వారం పెద్దాయన ఆసుపత్రికి ఫోన్ చేసి, సందు మొత్తం సాఫ్ అవుతోందనీ, బిడ్డను తోల్కరమ్మనీ చెప్పారు. మేం పంపిన మనుషులు ఆ పని చేస్తున్నారని అందరం అనుకున్నాం. ఇంటికి పంపే రోజు ఖాయమైంది. కారులో సిస్టరూ ఆమే భర్తా బయల్దేరారు. ఒకసారి కళ్లతో చూసుకుంటే మంచిదని నేను స్కూటర్ మీద ముందు వెళ్లాను.

గల్లీ తిరగగానే ఇల్లు మెరుస్తూ కనిపించింది. గుమ్మానికి మామిడాకులు, వాకిట్లో ముగ్గు. పక్కింటావిడ పళ్లెంలో హారతి కర్పూరం సర్దుకుంటోంది. లోపలికి వెళ్లాను. మెట్ల దగ్గర ఆగిపోయాను.

ఎండ పైనుంచి ఏటవాలుగా దిగుతోంది. ఆ ఎండ నిండా బంగారు పొడి. గది నిండా, మెట్ల నిండా, కొత్తగా పరిచిన దుప్పటి మీదా, తెరల మీదా, మంచినీళ్ల బిందె మీదా, తేలుతూ, తిరుగుతూ, ఎక్కడా తొందర లేకుండా దిగుతోంది. ఆ పొడి మధ్యలో, నెత్తి నుంచి పాదాల దాకా తెల్లబడి, చేతిలో పొడి చీపురూ గీకుడు రేకూ పట్టుకుని, కలలో కనిపించే మనిషిలా పెద్దాయన నిలబడి ఉన్నారు. పక్కన గోనెసంచుల నిండా ఏళ్ల రెట్ట.

"అయిపోయింది సార్! మీకు ఫోన్ చేసిన దినంసంది నేనొక్కణ్నే. ఒక్క పావురం లేదు చూడుండ్రి."

"మా మనుషులు రాలేదా?"

"దవాఖానకు నేనే చెప్త అని మర్లగొట్టిన. నా చేతుల పాపం వేరేటోళ్లు కడుగుతరా? నేనే కడుక్కోవాలె. బిడ్డ అడుగుపెట్టేటాళ్లకు ఇల్లు అద్దం లెక్క ఉండాలె."

చూశారా, ఏం జరిగిందో? ఆయన నమ్మకాన్ని పడగొట్టానని నేను అనుకున్నాను. అది పడలేదు. పుణ్యం గదిలోంచి లేచి పాపం గదిలోకి వెళ్లి కూర్చుంది. నిన్నటిదాకా ఆయన మోక్షం జొన్నల్లో ఉండేది, ఇప్పుడు చీపురులో ఉంది. అంచుల మీద ఎండి గడ్డకట్టి పడి ఉన్నంతకాలం అందులో కొంతైనా కదలకుండా ఉన్న విషాన్ని, పశ్చాత్తాపంతో పొడి చేసి ఇల్లంతా చల్లారు. ఆయన దగ్గుతూనే ఉన్నారు.

సిస్టర్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. బయట హారన్ వినిపించింది.

పరుగెత్తాను. కారు వాకిలి ముందు ఆగింది. తలుపు తెరుచుకోబోతుంటే దానికి వీపు ఆనించి నిలబడ్డాను. "అద్దాలు దించవద్దు! ఎవరూ దిగవద్దు!" అని అరిచాను. హారతి పళ్లెం పట్టుకున్న ఆవిడ జంకి వెనక్కి జరిగింది. "ఏమైంది ఈ సార్‌కు? పిచ్చి లేసిందా?" అని ఎవరో అన్నారు.

పెద్దాయన తెల్లటి చేతులతో గుమ్మంలోకి వచ్చారు. "జరుగుండ్రి సార్. నా బిడ్డను రానియ్యుండ్రి."

"ఆ బట్టలతో దగ్గరికి రావద్దు. లోపల గాలంతా ఆ పొడే. ఈమె ఇప్పుడు ఇంట్లోకి రాకూడదు."

"గడప దాక వచ్చినంక మర్లిపంపుతరా? ఇంటి కోడల్ని? సార్, మీకు దండం పెడత, గంత అపశకునం చెయ్యకుండ్రి."

అపశకునం అన్న మాట వినగానే నాలో పాత మనిషి లేచాడు. పదును పెట్టిన వాక్యం నాలుక చివరికి వచ్చింది. అప్పుడే కారులోంచి సిస్టర్ అద్దం మీద వేలితో కొట్టి, నోటి మీద వేలు పెట్టి చూపించింది. మింగేశాను. నా ఉద్యోగ జీవితంలో నేను మాట్లాడకుండా చేసిన పనుల్లో అదే ఉత్తమమైనది.

పెద్దాయన జేబులో ఫోన్ మోగింది. అద్దం వెనక మాస్కు వేసుకుని కూర్చున్న కోడలే చేసింది. ఇద్దరికీ మధ్య ఒక అద్దం, అద్దం మీద మామిడాకుల నీడ. ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఆమెనే చూస్తున్నారు. ఫోన్ గట్టిగా పెట్టుకునే అలవాటు కాబట్టి ఆమె మాట మా అందరికీ వినిపించింది.

"మామా, నేను ఇంట్లకు వస్తలేను. కోపంతోని కాదు."

"గడప దాక వచ్చి మర్లిపోతె మంచిది కాదు బిడ్డా."

"గడప దాటి వస్తె మల్ల అదే దవాఖానకు పోవాలె. ఈసారి కొత్తయి ఎవరిస్తరు? నువ్వే చెప్పు, ఏది మంచిది కాదు?"

ఆయన అద్దం వైపు ఒక అడుగు వేసి ఆగారు. "సార్ చెప్పింది నిజమేనా? నీ పాత ఊపిరి నేనే తిన్ననా?"

కాదు మామా అని ఆమె అనవచ్చు. పదిమందిలో ఉన్న ఏ కోడలైనా అలాగే అంటుంది.

"పావురాలతోనే అయిందేమో మామా. అప్పుడు నీకు తెల్వది, నాకు తెల్వది, డాక్టర్లకే తెల్వది. తెల్వనిదానికి నీ మీద లెక్క రాయను. ఇప్పుడు తెలిసింది. ఇప్పటికెల్లి చేసేదానికి లెక్క ఉంటది. నువ్వు ముందు ఆ చీపురు కింద పెట్టి, తానం చేసి, నీ దగ్గు చూపిచ్చుకో. నేను బతికి వస్త. ఇల్లు ఎక్కడికి పోతది?"

ఒక్క ఊపిరిలో ఇన్ని మాటలు. పెద్దాయన చీపురు కింద పెట్టారు. కారు వెనక్కి తిరిగింది. కర్పూరం వెలిగించకుండానే పక్కింటావిడ పళ్లెం లోపలికి తీసుకెళ్లింది.

రెండు మూడు రోజులు ఆమె ఆసుపత్రిలోనే ఉంది. ఈలోగా సిస్టరూ నేనూ అశోక్‌నగర్‌లో కిరాయి పోర్షన్ వెతికాం. పుస్తకాల దుకాణాలు, హాస్టళ్ల బోర్డులు, టీ కొట్ల దగ్గర నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందోనని వాదించుకునే పిల్లలు. మేమిద్దరం మెడలు వెనక్కి వంచి ప్రతి మేడ అంచునూ చూసుకుంటూ నడుస్తుంటే ఒక ఓనరు అడిగాడు: "పోర్షన్ కిందున్నది, మీరు ఆకాశంల ఏం చూస్తున్నరు?"

"పావురాలున్నయా అన్నా?" అంది సిస్టర్.

"లేవక్కా. కావాలంటె పెంచుకోవచ్చు, నాకేం పరేషాన్ లేదు."

పావురాలు లేని మేడ ఒకటి దొరికింది. అక్కడ ఆమె పొద్దున్నే మీటరు ఊదేది, వేళకు దగ్గును పిలిచేది, మందులు వేసుకునేది. ఒక పొద్దున ఊపిరి కొంచెం తగ్గినట్టు మీటరు చూపించింది. ఒంట్లో ఏ బాధా లేదు. ఇంకొకరైతే రేపు చూద్దామనుకునేవారు. ఆమె వెంటనే ఫోన్ చేసింది. పరీక్ష చేస్తే ఒళ్లు కొత్త ఊపిరితిత్తుల మీద తిరగబడటం అప్పుడే మొదలైంది. మందు పెంచారు, సద్దుమణిగింది. ఆలస్యమైతే సద్దుమణిగేది కాదని పెద్ద డాక్టరు అన్నాడు.

పెద్దాయన రోజూ సాయంత్రం ఆ మేడ ముందు రోడ్డు మీద నిలబడి, పైన బాల్కనీలో ఉన్న కోడలితో ఫోన్లో మాట్లాడి వెళ్లేవారు. పైకి రమ్మన్నా రాలేదు. ఒకరోజు నేను ఆమెకు వ్యాయామాలు చేయించి దిగేసరికి కింద కనిపించారు. ఆయన దగ్గుకు మా డాక్టరు మందులు ఇచ్చాడు, తగ్గుముఖం పట్టింది. టీ తాగుదామన్నాను. వీధి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. ఆయన గ్లాసు చేతిలో తిప్పుతున్నారు.

"సార్, ఒకటి అడుగుత. మా ఇంటామె గూడ గిట్లనే పోయింది. దగ్గి, దగ్గి, మెట్లెక్కలేక. ఆస్తమా అన్నరు. పావురాలను ఉపాసం పెట్టకు అన్నది గూడ ఆయాసంతోనే అన్నది. ఆమెకు గూడ గదేనా?"

యువ మిత్రులారా, హేతువాదికి అన్నిటికంటే కష్టమైన వాక్యం దేవుడు లేడన్నది కాదు. అది నేను పదహారేళ్లకే చెప్పగలిగాను. కష్టమైన వాక్యం ఇది:

"తెలియదు. అయ్యుండవచ్చు. కాకపోయి ఉండవచ్చు. ఇప్పుడు తెలుసుకునే దారి లేదు" అన్నాను.

ఆయన తల ఊపారు. నన్ను తిట్టలేదు, ఏడవలేదు. "అప్పుడు ఎవ్వలన్న అడిగి ఉంటె బాగుండు" అన్నారు. అంతే.

ఆ తరువాత గల్లీలో జరిగింది నేను ఒక్కరోజే కళ్లారా చూశాను. మా మనుషులు మాస్కులు వేసుకుని ఇంటినంతా తడిగుడ్డలతో తుడిచారు. తెరలూ పరుపులూ తీసేయించారు, సందును కడిగి జాలీ బిగించారు. గింజలు మానేసిన కొత్తలో పావురాలు పిట్టగోడ మీద బారులు తీరి కూర్చునేవట. వాటి ఎదురుచూపు చూడలేక పెద్దాయన పొద్దున్నే కాచిగూడ స్టేషన్ దాకా నడిచి వెళ్లిపోయేవారట. నేను వెళ్లిన రోజు ఆయన గల్లీ చివరింటి ముందు నిలబడి ఒక యజమానితో మాట్లాడుతున్నారు.

"ఏంది కాకా, నువ్వే నేర్పిచ్చినవు, నువ్వే వద్దంటున్నవు? పక్షికి గింజేస్తె తప్పా?"

"తప్పని నేను అంటలేను. రెక్కలున్నదానికి ఊరంత తిండే. మన పిల్లలకు రెక్కల్లేవు, ఈ గల్లీ గాలే పీల్చాలె. నీ మనుమడు రాత్రి దగ్గుతున్నడని నిన్న నీ కోడలే చెప్పింది. నేను దేవుని గురించి మాట్లాడుత లేను, ఆ పిలగాని గురించి మాట్లాడుతున్న. నాలుగు దినాలు ఆపి చూడు. దగ్గు తగ్గకుంటె వచ్చి నన్ను తిట్టు."

నలుగురిని గెలవగల నా వాక్చాతుర్యంలో ఆ ఒక్క మాట ఎన్నడూ లేదు: వచ్చి నన్ను తిట్టు. ఆ యజమాని చేతిలోని గింజల డబ్బా మూత పెట్టాడు. గల్లీ మొత్తం మారిందని చెప్పను, అబద్ధం అవుతుంది. రెండిళ్లవాళ్లు ఇప్పటికీ చల్లుతూనే ఉన్నారని తరువాత విన్నాను. కానీ ఆమె కిటికీ వైపు సందు నిశ్శబ్దంగా ఉంది.

మరుసటి ఎండాకాలం ముందు ఆమె తన ఇంటికి నడిచి వెళ్లింది. ఆ రోజు హారతి లేదు, దండలు లేవు. పెద్దాయన సబ్బుతో కడుక్కున్న చేతులు ముందుకు చాచి, తుడుచుకోకుండా, నీళ్లు కారుతుండగానే సిస్టర్‌కు చూపించారు. "చూడు బిడ్డా, చాలునా?" సిస్టర్ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "పాస్" అంది. అందరూ నవ్వారు. గడప దాటేటప్పుడు ఆమె కుడికాలు పెట్టిందో ఎడమకాలు పెట్టిందో ఎవరూ చూడలేదు. గదిలో కిటికీ మూసి ఉంది. గాలి కదలకుండా, తేటగా, ఏమీ కనిపించకుండా ఉంది. అంత శూన్యమైన గాలిని అంత సంతోషంగా నేను మళ్లీ పీల్చలేదు.

ఆమెను కాపాడింది మేమే అని మేం చెప్పుకోవచ్చు. కానీ ఆ ఇంట్లో ఒక ఆడమనిషి అంతకుముందే ఊపిరాడక పోయింది. ఆమె మంచం పక్కన స్టెతస్కోపు పట్టుకుని నిలబడినవాళ్లెవరికీ మీ డాబా మీద ఏముందమ్మా అని అడగాలని తోచలేదు. ఆమె కోడలు ఏళ్ల తరబడి దగ్గుతూ మా ఆసుపత్రి మెట్లెక్కితే మేమూ అడగలేదు. ఆ కిటికీ తెరవడానికి ఒక మనిషి ఊపిరితిత్తులు రెండూ పోవలసి వచ్చింది.

మీరు అంతదాకా ఆగవద్దు. ఇది చదివాక లేవండి. మీ ఇంట్లో, మీ మెట్ల మీద, మీ వార్డులో వారాల తరబడి తగ్గని దగ్గుతో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లి, ఏ గాలి పీలుస్తున్నారో అడగండి. ఏ పక్షులు, ఏ బూజు, ఏ పొడి, ఏ పొగ అని పేరుపేరునా అడగండి. వాదించవద్దు, అడిగి వినండి. విన్నది డాక్టరుకు చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి, విసుక్కున్నా చెప్పండి. ఈ రోజే చెప్పండి.